సెలవునాటి బాట: గోస్తని వెంట, సున్నపురాతి గుహ నుంచి సాగరతీరం దాకా

దూరపు కొండలు నునుపు అన్నారు పెద్దలు. ఎల్.టి.సి. బ్లాకు ముగియవచ్చిందంటే చాలు, మన క్వార్టర్లలో సిమ్లా, ఊటీ, డార్జిలింగుల ప్రస్తావన మొదలవుతుంది. సెలవు మంజూరు, రిజర్వేషను, ఉన్ని దుస్తుల కొనుగోలు, ఈ సన్నాహాలతోనే నెల గడిచిపోతుంది. వెళ్లి రావలసినదే, దేశమంతా చూడవలసినదే. అయితే మన మేడమీద నుంచి నిత్యమూ కనిపించే తూర్పు కనుమలను, వీధి చివర బస్సెక్కితే చేరుకోగల సముద్రపుటొడ్డును కాలినడకన చూచినవారు మనలో ఎందరున్నారు? కారులో వెళ్లి, ఫొటో తీసుకొని, వేడివేడి మొక్కజొన్న కండె తిని తిరిగివచ్చినవారు అనేకులు. నడచి చూచినవారు అరుదు.

ఈ సంచికలో పాఠకులకు పరిచయం చేస్తున్నది ఒక కొండ కాదు, ఒక తీరమూ కాదు. ఒక నది. దాని పేరు గోస్తని. అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రా వద్ద సున్నపురాతి గుహల గుండా పారి, సుమారు 120 కిలోమీటర్లు ప్రవహించి భీమునిపట్నం వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది. గోదావరి ముందు, కృష్ణ ముందు ఇది చిన్న ఏరు. వేసవిలో పలుచోట్ల ఇసుక తప్ప నీరు కనిపించదు. కాని విశాఖ నగరపు కుళాయిలకు వచ్చే నీటిలో కొంత భాగం ఈ చిన్న ఏటిదే. దాని మీది తాటిపూడి జలాశయం నుంచి, భీమిలి సమీపాన నదీగర్భంలో త్రవ్విన ఊటబావుల నుంచి నగరానికి నీరు అందుతున్నది. మనం ప్రతి ఉదయం బిందెలో పట్టుకొనే నీరు ఏ కొండలో ఊరి, ఏ రాతిని ఒరసుకొని వచ్చినదో తెలిసికొనడం ఈ నడక పరమార్థం.

ఇందుకు సొంత వాహనం అక్కరలేదు. ఆర్టీసీ బస్సులు, రెండు కాళ్లు, మూడు ఆదివారాలు చాలును. మొదటి ఆదివారం కొండకు, రెండవది మైదానానికి, మూడవది కడలికి.

మొదటి ఆదివారం: బొర్రా కొండలు

విశాఖపట్నం ఆర్టీసీ కాంప్లెక్సు నుంచి శృంగవరపుకోట మీదుగా అరకు వెళ్లే బస్సు ఎక్కండి. శృంగవరపుకోట దాటిన కొంతసేపటికి ఘాట్ రోడ్డు మొదలవుతుంది. గాలి చల్లబడుతుంది. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ పొదలు, ఆ చెట్ల మొదళ్లను అల్లుకొన్న మిరియపు తీగలు దర్శనమిస్తాయి. అనంతగిరి దాటిన తరువాత బొర్రా జంక్షనులో దింపమని కండక్టరుకు ముందే చెప్పి ఉంచండి. అక్కడి నుంచి గుహల వరకు అయిదారు కిలోమీటర్ల దారి. జీపులు, ఆటోలు దొరుకుతాయి. మోకాళ్లు సహకరించేవారు వాటిని ఎక్కవద్దు. దిగువకు సాగే ఈ దారిలో నడిస్తేనే లోయ ఎంత లోతైనదో, ఊళ్లు ఎంత చిన్నవో, ఒక ఇంటి నుంచి మరో ఇంటికి మంచినీరు మోసుకుపోవడం ఎంత శ్రమో బోధపడుతుంది. తిరుగు ప్రయాణంలో ఎక్కుడు ఉంటుంది కనుక జీపు ఆశ్రయించినా దోషం లేదు. రైలు మార్గమూ ఉన్నది. 1960 దశకంలో బైలాడిలా ఇనుప ఖనిజాన్ని రేవుకు చేర్చడానికి వేసిన కొత్తవలస-కిరండూల్ మార్గంలో బొర్రా గుహలు ఒక స్టేషను. ఆ పట్టాలు సరిగ్గా గుహల పైభాగం మీదుగానే సాగిపోతాయి.

బొర్రా గుహలు సముద్రమట్టానికి సుమారు 705 మీటర్ల ఎత్తున ఉన్నాయి. లోపలికి సుమారు 80 మీటర్ల లోతు వరకు దిగవచ్చును. గుహ ఎలా బయటపడినదో స్థానికులు చెప్పే కథ ఒకటున్నది. మేత మేస్తున్న ఆవు ఒకటి గుహ పైకప్పునున్న రంధ్రంలో నుంచి లోపల పడిపోయినదట. దానిని వెదుకుతూ వచ్చిన కాపరికి లోపల లింగాకారంలో ఉన్న రాయి కనిపించినదట. శివుడే ఆవును కాపాడినాడని నమ్మి నాటి నుంచి పూజలు సాగిస్తున్నారు. గోస్తని అన్న పేరుకు అర్థం ఆవు పొదుగు. గుహ కప్పు నుంచి వ్రేలాడే రాతి ధారలను, వాటి కొసన నిలిచిన నీటి బొట్టును చూచినవారికి ఆ పేరు ఎందుకు వచ్చినదో వేరే చెప్పనక్కరలేదు.

రాయి కరిగి, రాయి పెరిగే విధం

పిల్లలను వెంట తీసుకువెళ్లేవారు గుహలోకి దిగేముందు ఈ నాలుగు మాటలు వారికి చెప్పగలిగితే, లోపల చూచే ప్రతి దృశ్యమూ ఒక పాఠమవుతుంది.

తూర్పు కనుమలలో ఈ భాగాన అధికంగా కనిపించే రాయి ఖోండలైట్. ఈ కొండల గిరిజనులైన ఖోండుల పేరు మీదనే శాస్త్రజ్ఞులు దానికి ఆ పేరు పెట్టినారు. సింహాచలం కొండ అదే రాయి, పూరీ జగన్నాథుని ఆలయంలోనూ అదే రాయి. ఆ ఖోండలైట్ నడుమ బొర్రా వద్ద సున్నపురాయి పట్టీలు పట్టీలుగా చేరి ఉన్నది. భూగర్భపు ఒత్తిడికి, వేడికి గురియై అది స్ఫటికరూపం దాల్చినది. దాదాపు చలువరాయి వంటిదన్నమాట.

వానచినుకు ఆకాశం నుంచి దిగివస్తూ గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొంత కలుపుకొంటుంది. నేలలోకి ఇంకేటప్పుడు చెట్ల వేళ్ల వద్ద మరికొంత కలుస్తుంది. అందువలన ఆ నీరు అతి పలుచని ఆమ్లమవుతుంది. ఖోండలైటును అది త్వరగా ఏమీ చేయలేదు. సున్నపురాయిని మాత్రం కరిగిస్తుంది. పగుళ్ల వెంట దిగుతూ, పగులును సందుగా, సందును సొరంగంగా మారుస్తుంది. అట్లు లక్షల సంవత్సరాలు సాగిన పనికి ఫలితమే గుహ. కరిగిన సున్నంతో బరువెక్కిన నీటిబొట్టు గుహ కప్పును చేరి గాలి తగలగానే, తనలోని వాయువును విడిచివేస్తుంది. అప్పుడు సున్నాన్ని మోయగల శక్తి దానికి ఉండదు. జారిపడేముందు కప్పుకు ఒక పూత, జారిపడిన తరువాత నేలకు ఒక పూత పూస్తుంది. పైనుంచి దిగే రాతి ఊడలు స్టాలక్టైట్లు, నేల నుంచి లేచే రాతి మొలకలు స్టాలగ్మైట్లు. రెండూ కలిసినచోట స్తంభం ఏర్పడుతుంది.

ఈ పెరుగుదల ఎంత మందమంటే, పలుచోట్ల ఒక సెంటీమీటరుకు నూరు సంవత్సరాలు పట్టవచ్చును. ట్రెయినీగా చేరిన యువకుడు ముప్పది అయిదేళ్లు సర్వీసు చేసి, శాలువా కప్పించుకొని పదవీ విరమణ పొందే నాటికి ఆ రాతి ఊడ పెరిగేది మూడు నాలుగు మిల్లీమీటర్లు. దానిని విరిచి జ్ఞాపికగా జేబులో వేసుకొనడానికి పట్టేది ఒక్క క్షణం. విరవకపోయినా, చేతితో తడిమితే చర్మం మీది జిడ్డు రాతికి అంటుకొని అక్కడ కొత్త పూత పట్టకుండా పోతుంది. పర్యాటకుల కోసం విద్యుద్దీపాలు అమర్చిన గుహలన్నింటా వెలుగు సోకినచోట ఆకుపచ్చని పాచి పెరగడం మరొక సమస్య. కనుక గుహలో పాటించవలసిన నియమం ఒక్కటే. కళ్లతో చూడండి, చేతులు వెనుక కట్టుకోండి.

సున్నపురాయి ఎవరిది?

ఉక్కు కర్మాగారంలో, సిమెంటు కర్మాగారంలో పనిచేసే సోదరులకు సున్నపురాయి కొత్త కాదు. బ్లాస్టు ఫర్నేసులో ఖనిజంలోని మలినాలను పట్టి చిట్టెంగా వేరుచేసేది అదే. సిమెంటుకు మూలపదార్థమూ అదే. దేశానికి ఆ రాయి కావలసినదే. కాని ఏ కొండ నుంచి, ఎవరి అనుమతితో అన్న ప్రశ్నకు సమాధానం కూడా ఈ అనంతగిరి కొండల నుంచే వచ్చినదని మనలో చాలమందికి తెలియదు.

బొర్రా పరిసర గ్రామాలలో గిరిజనుల భూములను, అటవీ భూములను ప్రైవేటు గనుల సంస్థలకు లీజుకు ఇవ్వడాన్ని ‘సమత’ అనే స్వచ్ఛంద సంస్థ న్యాయస్థానంలో సవాలు చేసినది. 1997 జులైలో సుప్రీంకోర్టు చరిత్రాత్మకమైన తీర్పునిచ్చినది. షెడ్యూల్డు ప్రాంతాలలోని భూమిని గనుల త్రవ్వకం నిమిత్తం గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వడం చెల్లదని ధర్మాసనం ప్రకటించినది. ప్రభుత్వరంగ సంస్థలకు, గిరిజనుల సహకార సంఘాలకు మాత్రం అవకాశం ఉంచినది. అంతటితో ఆగక, అటువంటి ప్రాంతాలలో సాగే వ్యాపారపు నికర లాభంలో కనీసం 20 శాతాన్ని నీటి వనరులు, పాఠశాలలు, ఆసుపత్రులు, రహదారుల నిమిత్తం శాశ్వత నిధిగా కేటాయించాలని సూచించినది.

ప్రభుత్వరంగ ఉద్యోగులమైన మనకు ఈ తీర్పు ఊరక చదివి మరచే వార్త కాదు. ఒక ప్రైవేటు సంస్థకు లేని నమ్మకాన్ని న్యాయస్థానం మనవంటి సంస్థల మీద ఉంచినది. ఆ నమ్మకం ఎంత బరువైనదో బొర్రా జంక్షను నుంచి గుహల దాకా నడచే అయిదారు కిలోమీటర్లలో, తలమీద బిందెతో ఎదురువచ్చే ఆడబిడ్డను చూచినప్పుడు తెలుస్తుంది. ఆ దారిలోనే వెదురుబొంగులో కాల్చిన కోడిమాంసం, కాల్చిన మొక్కజొన్న, కొండ కాఫీ అమ్మే గిరిజనులు కనిపిస్తారు. బేరమాడక కొనండి. గుహలో దారి చూపే స్థానిక యువకునికి తగిన ప్రతిఫలం ఇవ్వండి.

సమయమున్నవారు బొర్రాకు చేరువనే ఉన్న కటికి జలపాతానికి కూడా నడవవచ్చును. అది కూడా గోస్తని నీరే. రాళ్లు నాచుపట్టి జారుతాయి కనుక స్థానికుని వెంటబెట్టుకొనక వెళ్లరాదు. వర్షాకాలంలో అసలే వద్దు.

రెండవ ఆదివారం: జలాశయం, రణక్షేత్రం

కొండ దిగిన గోస్తనిని తాటిపూడి వద్ద అడ్డగించి జలాశయం కట్టినారు. 1963లో ఆరంభమైన నిర్మాణం 1968లో పూర్తయినది. విజయనగరం నుంచి గంట్యాడ మీదుగా తాటిపూడి చేరుకోవచ్చును. మూడు వైపుల కొండలు, నడుమ నిండుగా నీరు. ఆనకట్ట మీద నిలిచి చూచినప్పుడు, క్రిందటి ఆదివారం గుహ కప్పున వ్రేలాడిన నీటిబొట్టు ఇక్కడికి వచ్చి చేరినదన్న తలపు కలుగక మానదు. పైన కొండల మీది అడవి పలుచబడితే, వాన నీరు నేలలో ఇంకక ఒక్కసారిగా మట్టిని కోసుకొని క్రిందికి వస్తుంది. ఆ మట్టి జలాశయంలో మేట వేస్తుంది. మేట వేసినకొద్దీ నీరు నిలిచే చోటు తరుగుతుంది. అనంతగిరిలో చెట్టుకు, విశాఖలో కుళాయికి గల సంబంధం ఇది. పుస్తకంలో చదివినదానికన్న ఆనకట్ట మీద నిలిచి వింటే పిల్లలకు త్వరగా పట్టుబడుతుంది.

ఇంకా దిగువన పద్మనాభం. విశాఖ నుంచి, తగరపువలస నుంచి బస్సులున్నాయి. కొండ మీద అనంత పద్మనాభస్వామి వెలసి ఉన్నాడు. పన్నెండు వందలకు పైబడిన మెట్లు. తెల్లవారుజామున ఎక్కనారంభిస్తే ఎండ తాకకముందే పైకి చేరవచ్చును. పైనుంచి చూస్తే పచ్చని పొలాల నడుమ గోస్తని ఇసుకదారి మెలికలు తిరుగుతూ సముద్రం వైపు సాగిపోవడం కనబడుతుంది.

ఈ కొండ క్రిందనే 1794 జులై 10న విజయనగర ప్రభువు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనలతో పోరాడి వీరమరణం పొందినాడు. పెంచిన పేష్కషు చెల్లించనందుకు రాజ్యం విడిచి పొమ్మన్న కంపెనీ ఆజ్ఞను ఆయన శిరసావహించలేదు. బొబ్బిలి యుద్ధం తెలుగునాట ఇంటింటా తెలిసినంతగా పద్మనాభ యుద్ధం తెలియకపోవడం విచారకరం. మెట్లెక్కే దారిలో ఈ ముచ్చట చెప్పుకుంటూ పోతే ఆయాసం తెలియదు.

మూడవ ఆదివారం: కడలి దారి

ముగింపు నడక సముద్రతీరాన. విశాఖ నుంచి తీరపు రోడ్డు మీదుగా భీమిలి వెళ్లే 900కె నంబరు సిటీ బస్సు ఇందుకు అనుకూలం. ఇతర నంబర్ల బస్సులు కొన్ని మధురవాడ, ఆనందపురం మీదుగా పోతాయి కనుక, రుషికొండ మీదుగా వెళ్లునా అని ఎక్కేముందే అడగండి. కిటికీ ప్రక్కన కూర్చోదలచినవారు కుడివైపు చూచుకోండి. సముద్రం ఆ వైపునే.

నగరానికి సుమారు 16 కిలోమీటర్ల దూరాన తొట్లకొండ స్టాపు. బస్సు దిగి, సముద్రాన్ని వెనుక ఉంచి కొండ ఎక్కాలి. ఎత్తు 128 మీటర్లు. మంచి రోడ్డు ఉన్నది, వయసు మళ్లినవారు సైతం నిదానంగా ఎక్కగలరు. నౌకాదళం వారు ఈ ప్రాంతాన్ని సర్వే చేసినప్పుడు బయటపడిన ఈ బౌద్ధ క్షేత్రంలో రాష్ట్ర పురావస్తు శాఖ 1988 నుంచి త్రవ్వకాలు జరిపినది. స్తూపాలు, చైత్యగృహాలు, భిక్షువుల గదులు వరుసలుగా బయల్పడినవి. శాతవాహనుల సీసపు నాణెములు, రోమను వెండి నాణెములు దొరికినవి. రెండువేల ఏండ్ల క్రిందట ఈ కొండ దిగువన ఓడలు నడిచినవనడానికి ఇవి సాక్ష్యాలు. 2019 అక్టోబరులో కురిసిన భారీ వర్షాలకు ఇక్కడి మహాస్తూపం కూలిపోగా తరువాత పునర్నిర్మించినారు. రాళ్ల మీదికెక్కి ఫొటోలు దిగే ఉబలాటం ఉన్నవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

కొండకు ఆ పేరెందుకు వచ్చినదో పైకి వెళితే తెలుస్తుంది. రాతిలో తొలిచిన నీటి తొట్లు పదకొండు ఉన్నవి. సమీపంలోని మరో బౌద్ధ క్షేత్రం పేరు బావికొండ. భీమిలిని ఆనుకొని ఉన్న పావురాళ్లకొండ మీద పదహారుకు పైగా రాతి తొట్లున్నవి. మూడు కొండలు, మూడింటా వాన నీటిని పట్టి నిలువచేసే ఏర్పాటు. నది చేరువనే ఉన్నా, బంగాళాఖాతం కళ్లెదుటనే ఉన్నా, ఆ భిక్షువులు తమ కొండ మీద పడిన వాననీటితోనే కాలం గడిపినారు. ఇంటికప్పు మీది నీరు కాలువలోకి వదలి, ట్యాంకరు కోసం ఎదురుచూచే మనకు ఇంతకన్న సూటియైన పాఠం మరొకటి లేదు.

మళ్లీ బస్సెక్కి కొద్ది దూరం పోతే ఎర్రమట్టి దిబ్బలు. రోడ్డు ప్రక్కనే కాలిబాట మొదలవుతుంది. పది అడుగులు వేయగానే లోకం మారిపోతుంది. ఇరువైపుల ఎర్రని ఇసుక గోడలు, నడుమ వాన కోసిన సన్నని సందులు, అడుగున చల్లని ఇసుక. తూర్పు కనుమల రాళ్లు అరిగి ఏరుల వెంట దిగివచ్చిన ఇసుక ఇది. సుమారు ఇరవైవేల సంవత్సరాల క్రిందట, గత హిమయుగంలో, సముద్రమట్టం నేటికన్న 120 మీటర్లంత దిగువకు పోయినప్పుడు కడలి వెనుకకు జరిగి విశాలమైన ఇసుక మైదానం బయటపడినది. ఆ ఇసుకను గాలి ఎత్తి తెచ్చి ఇక్కడ కుప్ప పోసినది. దానిలోని ఇనుము కాలక్రమాన తుప్పుపట్టి ఇసుకకు ఎరుపు అద్దినది. మన కర్మాగారపు రేకుకు పట్టే తుప్పు, ఈ దిబ్బల రంగు ఒకే రసాయనపు పని. దక్షిణాసియాలో ఇటువంటి ఎర్ర ఇసుక దిబ్బలు తమిళనాడు తీరాన, శ్రీలంకలో తప్ప మరెక్కడో కనిపించవు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దీనిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించినది. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోనూ దీనికి చోటు లభించినది.

అయితే గుర్తింపు వేరు, రక్షణ వేరు. ఈ దిబ్బలను బంధించి నిలిపిన సిమెంటు లేదు. ఇసుక రేణువులను పట్టి ఉంచేది పైనున్న పొదలు, గడ్డి వేళ్లు మాత్రమే. గోడ అంచున నిలిచి దూకితే అంచు కూలుతుంది. గోడ మీద పేరు చెక్కితే వాన ఆ గీత వెంటనే కొత్త కాలువ కోస్తుంది. సందుల అడుగున నడవండి, గోడలు ఎక్కవద్దు. లోపల దారులు చిక్కుముడిగా ఉంటాయి కనుక పిల్లలను కనుమరుగు కానీయవద్దు.

చివరి మజిలీ భీమిలి. డచ్చివారు పదిహేడవ శతాబ్దిలో ఇక్కడ వర్తక స్థావరం నెలకొల్పినారు. 1825లో పట్టణం ఆంగ్లేయుల పరమైనది. నాటి సమాధులు నేటికీ ఉన్నాయి. పావురాళ్లకొండ ఎక్కి నరసింహస్వామిని దర్శించి, రాతి తొట్లను చూచి దిగి, సంగమం వైపు నడవండి. గోస్తని ఇక్కడ వెడల్పై, నెమ్మదించి, ఇసుక మేటల నడుమ దారి వెదుకుతూ సముద్రంలో కలుస్తుంది. ఒడ్డున జాలరులు వలలు ఆరబెట్టుకుంటూ ఉంటారు. బొర్రా రాతి నుంచి కరిగివచ్చిన సున్నం కూడా ఈ నీటితోనే కడలిని చేరుతుంది. సముద్రంలోని నత్తలు, ఆల్చిప్పలు నీటిలోని సున్నంతోనే తమ గుల్లలు కట్టుకుంటాయి. సముద్రపు అడుగున అట్టి గుల్లలు పేరుకొని గట్టిపడితే మళ్లీ సున్నపురాయే. పిల్లలు ఒడ్డున ఏరుకున్న గవ్వను చేతిలో ఉంచి ఈ మాట చెప్పండి.

ఇతర యూనిట్లలో ఉన్నవారికి

రాయలసీమలో పనిచేస్తున్నవారు నిరుత్సాహపడనక్కరలేదు. తాడిపత్రికి సుమారు 30 కిలోమీటర్ల దూరాన, నంద్యాల జిల్లాలో బెలూం గుహలున్నాయి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటిని గురించి లోకానికి తెలియజేసినాడు. పొడవు 3,229 మీటర్లు. 2002 నుంచి పర్యాటకులను అనుమతిస్తున్నారు. బొర్రా ఎత్తైన మండపం వంటిదైతే, బెలూం ఇరుకైన సందుల ఊరు వంటిది. మన ఇళ్లలో పరచుకొనే తాడిపత్రి నాపరాయి కూడా సున్నపురాయే. పొరలు పొరలుగా అమరిన ఆ రాతిలోనే ఈ గుహ తొలుచుకున్నది.

కుటుంబంతో బయలుదేరేవారికి సూచనలు

1. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. అక్టోబరు, నవంబరు నెలలు తుఫానుల కాలం కనుక వాతావరణ హెచ్చరిక చూచుకొని బయలుదేరండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ తీరాన్నే తాకినదని విశాఖవాసులకు జ్ఞాపకం చేయనక్కరలేదు.

2. మొదటి బస్సుకు బయలుదేరండి. దిగిన వెంటనే తిరుగు ప్రయాణపు చివరి బస్సు వేళ అడిగి తెలుసుకోండి. కొండ ప్రాంతంలో అది పట్టణంలో అనుకున్నదానికన్న ముందుగానే ఉంటుంది.

3. 2025 ఆగస్టు 15న ఆరంభమైన పథకం ప్రకారం ఆంధ్రప్రదేశ్ మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలో ప్రయాణం ఉచితం. గుర్తింపు కార్డు మరువవద్దు. పిల్లలతో వెళ్లే గృహిణులకు ఇది మంచి అవకాశం.

4. మనిషికి రెండు లీటర్ల నీరు, పులిహోర లేక చపాతీలు, టార్చిలైటు, గట్టి అడుగున్న బూట్లు, చిన్న ప్రథమ చికిత్స పెట్టె, ఇంతకు మించి బరువు వద్దు. గుహలోని మెట్లు తడిగా ఉంటాయి, చెప్పులు పనికిరావు.

5. ఏజెన్సీ ప్రాంతంలో దోమకాటు వలన మలేరియా వచ్చే ప్రమాదమున్నది. పొడవు చేతుల చొక్కాలు ధరించండి. తిరిగివచ్చిన రెండు మూడు వారాలలో చలిజ్వరం వస్తే కొండకు వెళ్లివచ్చిన సంగతి డాక్టరుగారికి తప్పక చెప్పండి.

6. రుషికొండ నుంచి భీమిలి వరకు సముద్రం పైకి శాంతంగా కనిపించినా లోపలి ప్రవాహాలు బలమైనవి. ఈత వచ్చినవారు సైతం ఈ తీరాన ప్రాణాలు కోల్పోయినారు. పాదాలు తడుపుకొనడంతో సరిపెట్టుకోండి.

7. తీరాన నౌకాదళానికి చెందిన స్థలాలున్నాయి. హెచ్చరిక బోర్డులున్నచోట ముందుకు పోవద్దు, ఫొటోలు తీయవద్దు.

8. తీసుకువెళ్లిన ప్రతి సంచీ, ప్రతి సీసా తిరిగి ఇంటికి తెండి. బొర్రాలో పారవేసిన ప్లాస్టిక్ కవరుకు వానాకాలంలో దారి ఒక్కటే, తాటిపూడి వైపు.

మూడు ఆదివారాలూ ఒకే నెలలో కుదరకపోవచ్చును. షిఫ్టు డ్యూటీలు, పరీక్షలు, పెళ్లిళ్లు అందరికీ ఉన్నవే. ఏడాదిలో ఎప్పుడు వీలైతే అప్పుడు పూర్తిచేయండి. వరుస మారినా ఫరవాలేదు. ఒకే కుటుంబంగా కాక, రెండు మూడు ఇళ్లవారు కలిసి వెళితే పిల్లలకు తోడు, పెద్దలకు కాలక్షేపం. పదవీ విరమణ చేసిన పెద్దలను పిలవడం మరువకండి. మూడవ ఆదివారపు నడక వారికి ఎంతో అనుకూలం, చెప్పుకొనడానికి వారి వద్ద కథలూ ఉంటాయి.

గోస్తని వంటి చిన్న నదులకు పుష్కరాలు లేవు, పెద్ద పేరు లేదు. దాని కొండ మీద అడవి తరిగినా, గర్భంలో ఇసుక తరలిపోయినా, కుళాయి ఎండిన నాడు గాని పట్టణంలో ఎవరికీ తెలియదు. మొదలు నుంచి తుది దాకా ఒకసారి నడచి చూచినవారికి మాత్రం ముందే తెలుస్తుంది. అట్టివారు మన కాలనీలో పదిమంది ఉన్నా మేలే.

నడిచి వచ్చిన పాఠకులు తమ అనుభవాలను, పిల్లలు వేసిన బొమ్మలను సంపాదకవర్గానికి పంపగోరుతున్నాము. వచ్చే సంచికలో మరో బాటలో కలుసుకుందాము.